బొట్టు పెట్టి, కెమెరా వద్దన్నారు

సరోజిని కుంకుమ భరిణె పట్టుకుని స్వయంగా ఇంటికొచ్చింది. ఐర్లండ్‌లోని ఈ పోర్ట్‌లీష్‌లో బొట్టు పెట్టి పిలవడానికి ఇల్లిల్లూ తిరిగేవాళ్ళు ఎవరూ లేరు. వాట్సాప్‌లో ఒక వినాయకుడి బొమ్మ పెట్టి, కింద హాలు ఎయిర్‌కోడ్, అదే ఇక్కడి పిన్‌కోడ్, పడేస్తే పిలుపు అయిపోయినట్టే. అలాంటిది పట్టుచీర మీద రెయిన్ కోటు వేసుకుని గుమ్మంలో నిలబడ్డ స్నేహితురాల్ని చూసేసరికి కనకలత మనసు కరిగిపోయింది. లోపలికి రమ్మని, వంటింటి ప్రెస్‌లోంచి, అంటే అలమారలోంచి, మంచి కప్పులు తీసి టీ పెట్టింది.

"మా వర్షితకి ఓణీల ఫంక్షన్ పెట్టుకున్నాం కనకా. నువ్వూ అన్నయ్యగారూ తప్పకుండా రావాలి," అని సరోజిని నుదుట బొట్టు పెట్టి, పండూ తాంబూలం చేతిలో పెట్టింది. అంతవరకూ బాగానే ఉంది. సగం టీ అయ్యాక అసలు సంగతి బయటపడింది.

"ఈసారి నువ్వు కెమెరా గిమెరా ఏం పెట్టుకోకు. హాయిగా మంచి చీర కట్టుకుని ముందు వరసలో కూర్చో. డబ్లిన్ నుంచి ప్రొఫెషనల్ అబ్బాయిని మాట్లాడాం. ఇంత లావు లెన్స్ ఉందంట అతని దగ్గర!" అని రెండు చేతులతో గుమ్మడికాయంత చూపించింది.

హాయిగా కూర్చోవాలట! ఆ పిల్లని ఉయ్యాల్లో వేసిన రోజు ఫోటోలు ఎవరు తీశారమ్మా? అన్నప్రాసనలో ముందు పెట్టిన బంగారం, పుస్తకం అన్నీ వదిలేసి పిల్ల పాకుతూ వెళ్ళి పంతులుగారి కళ్ళజోడు లాగినప్పుడు ఆ ఫోటో తీసిందెవరు? సరోజిని ఇంట్లో గోడ నిండా ఉన్నవి ఎవరి చేతివి? ఇన్నేళ్ళలో ప్రతి పిలుపూ ఒకటే తీరు. "కనకా, శనివారం ఫలానా చోట. కెమెరా మర్చిపోకు." బొట్టూ లేదు, తాంబూలమూ లేదు. ఇప్పుడు మొదటిసారి బొట్టు పెట్టి పిలిచింది, అదీ కెమెరా తేవద్దని చెప్పడానికి. ఒళ్ళు మండదూ మరి?

"ఇప్పుడు బయటివాళ్ళెందుకు సరోజా?" అని అడిగింది కనకలత, గొంతు మామూలుగా ఉంచుకుని.

"నీకెందుకు శ్రమ అని. పైగా..." సరోజిని కాసేపు నసిగింది. "దీపావళి ఫోటోలు మసగ్గా వచ్చాయని మా ఆయన అన్నారు. నీ తప్పని కాదులే. అందరికీ అన్నీ రావుగా."

ఆ చివరి మాట అనేసి, మిగిలిన టీ తాగేసి, రెయిన్ కోటు బొత్తాలు పెట్టుకుని వెళ్ళిపోయింది మహాతల్లి. కనకలత ఆ తాంబూలం చేత్తో పట్టుకుని గుమ్మంలో అలాగే ఉండిపోయింది.

కనకలతది తెనాలి. పెళ్ళయ్యాక భరద్వాజ్‌తో ఇక్కడికొచ్చింది. అతను మందుల ఫ్యాక్టరీలో ఇంజనీరు. ఆమె ఆస్పత్రి పరికరాలు చేసే ప్లాంట్‌లో మైక్రోస్కోప్ ముందు కూర్చుని సన్నటి గొట్టాల్లో లోపాలు వెతికే పని చేస్తుంది. పక్క సీట్లో ఉండే పోలండ్ అమ్మాయి మార్తా సొంత ఊరికి తిరిగి వెళ్ళిపోతూ తన కెమెరా ఈమెకి ఇచ్చి, "నువ్వు చూడగలవు, తీయగలవు కూడా," అంది. ఆ ఒక్క మాట పట్టుకుని కనకలత నేర్చుకుంది. ఊళ్ళో తెలుగు ఇళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని ఉన్న రోజులవి. సీమంతాలు, బారసాలలు, గృహప్రవేశాలు, ఏదైనా సరే ఆమే తీసేది. అందరూ తిన్నాక అడుగంటిన పులిహోర తినేది. వారం రోజులు కూర్చుని ఫోటోలన్నీ బాగుచేసి పంపిస్తే, "వావ్ అక్కా" అని ఒక బొమ్మ వచ్చేది. ఆమె అదీ పట్టించుకోలేదు. పిల్లలు తన కళ్ళ ముందు, తన కెమెరా ముందు పెరుగుతున్నారన్న సంతోషం ఆమెకి చాలు. వర్షిత అంటే మరీ ప్రాణం. ఆ పిల్ల ఓణీ కట్టుకునే రోజున తను చేతులు ముడుచుకుని కూర్చోవడమా?

ఇక ఆ దీపావళి సంగతి. మసగ్గా వచ్చిన మాట నిజమే, కాదనడానికి లేదు. కానీ ఎందుకు వచ్చాయో అడిగిన నాథుడు లేడు. స్టేజీ మీద డాన్సులకి అందం రావాలని హాల్లో లైట్లన్నీ ఆపేశారు. ఊదారంగు లైటొకటి, ఎర్రదొకటి గిర్రున తిప్పారు. పిల్లలు చీకట్లో ఎగురుతుంటే, కెమెరాతో పాటు వచ్చిన ఆ చిన్న లెన్స్‌తో ఏం తీస్తుంది పాపం? దగ్గరికి లాగేకొద్దీ దానికి వెలుతురు ఇంకా తగ్గిపోతుంది. వెలుతురు మీరు ఆపేసి, మొహాలు మసగ్గా ఎందుకున్నాయి అని మీరే అడుగుతారా? ఆ మాట సరోజిని మొగుడు హేమచంద్ మొహాన అనేసి ఉంటే ఎంత బాగుండేది! అప్పుడు నోరు పెగల్లేదు. ఇంటికొచ్చి ఫోటోలు చూసుకుని, తన చెయ్యే వణికిందేమో అనుకుంది.

ఆ సాయంత్రం భరద్వాజ్ ఇంటికి రాగానే, "నేను పెద్ద లెన్స్ కొనాలి," అంది.

అదేమిటో అతనికి తెలుసు. ఏడాది నుంచి ఆమె దాని గురించి చదువుతూనే ఉంది. దూరంగా ఉన్నా దగ్గరికి లాగినా ఒకే రకంగా వెలుతురు పట్టే బరువైన జూమ్ లెన్స్. దాని ధరకి ఓ పాత కారు వస్తుంది. భరద్వాజ్ బూట్లు విప్పుతూ, "ఉన్నది గ్రాండ్‌గానే ఉందిగా? అయినా అది కిలో బరువుంటుంది కనకా. నీ మణికట్టు సంగతేంటి? జీపీ డాక్టరు ఏమన్నాడో మర్చిపోయావా?" అన్నాడు.

"ఇరవై కిలోల బియ్యం బస్తా కారులోంచి నేనే దించుతానే! అప్పుడు గుర్తురాలేదా మీకు నా మణికట్టు?"

 భరద్వాజ్ మొండివాడు, ఇంకో మాట వదిలాడు. "సరే కొన్నావనుకో. ఎవరి కోసం? వాళ్ళేమో వద్దంటున్నారు. వాళ్ళ మీద కోపంతో కొంటే రేపు అది బీరువాలో పడి ఉంటుంది."

ఈ మాట మాత్రం ఆమెకి సూటిగా తగిలింది. ఎందుకంటే అందులో నిజముంది. లెన్స్ మంచిదై కొనాలా, ఉక్రోషం వచ్చి కొనాలా? మసక తన చేతిదా, గాజుదా? అది తేలకుండా ఆమెకి నిద్ర పట్టేట్టు లేదు. శనివారం ఉదయం డబ్లిన్‌లో కెమెరా దుకాణానికి భర్తని బయల్దేరదీసింది. అక్కడ వారానికి అద్దెకి ఇస్తారు, నచ్చితే అద్దె తగ్గించి అమ్ముతారు.

దుకాణంలో కుర్రాడు మర్యాదస్తుడే. డబ్బా తెరిచి, లెన్స్ బయటికి తీసి, జాగ్రత్తగా రెండు చేతులతో భరద్వాజ్‌కి అందించాడు. "మీరు ఎక్కువగా ఏం తీస్తారు సార్?" అని అడిగాడు.

"నేనేం తీయను. నేను సంచి మోస్తాను," అన్నాడు భరద్వాజ్ నిజాయితీగా.

అడిగింది ఎవరు, ఫోన్ చేసి మాట్లాడింది ఎవరు, కెమెరా మెడలో వేసుకుని ఎదురుగా నిలబడింది ఎవరు? కనకలత భర్త చేతుల్లోంచి లెన్స్ లాక్కున్నంత పని చేసింది. కొబ్బరికాయ అరచేతిలో పెట్టినట్టయింది. మణికట్టు చురుక్కుమంది, అయినా మొహంలో కనబడనివ్వలేదు. "ఈ వారానికి అద్దెకి తీసుకుంటాను," అంది కుర్రాడితో, మాట తనదేనని అతనికి అర్థమయ్యేలా. ఆ వారం చివరనే వర్షిత ఫంక్షన్.

ఫంక్షన్ రోజు పొద్దున్న భరద్వాజ్ కారు తాళాలు తిప్పుతూ, "కెమెరా వద్దంది కదా ఆవిడ?" అన్నాడు భయంభయంగా.

"అతిథిగా పిలిచింది. అతిథులందరూ ఫోన్లు ఎత్తి తీస్తారు. నేను కెమెరా ఎత్తి తీస్తాను. ఎవరికేం అడ్డం?" అని ఆమె చీర కుచ్చిళ్ళు సర్దుకుని ముందు సీట్లో కూర్చుంది, ఒళ్ళో చంటిపిల్లలా లెన్స్.

ఊరి చివర స్పోర్ట్స్ క్లబ్ హాలు. బయట ఎండ ఫెళ్ళున కాస్తోంది. ఈ దేశంలో ఎండ రావడమే గగనం, వచ్చిన రోజున కిటికీలన్నిటికీ నల్లగుడ్డలు కట్టారు! లోపల మిట్టమధ్యాహ్నం చీకటి. స్టేజీ వెనక పెద్ద తెర మీద పూలు రాలుతున్నాయి, కింద పొగ యంత్రం పొగలు కక్కుతోంది, ఊదారంగు లైటు మళ్ళీ వచ్చి కూర్చుంది. మధ్యలో సింహాసనం లాంటి కుర్చీలో వర్షిత, వడ్డాణం బరువుకి వంగిపోయి ఉంది.

ప్రొఫెషనల్ అబ్బాయి పేరు తేజేశ్వర్. మెడలో పెద్ద లెన్స్. కనకలత చూసీ చూడగానే పోల్చుకుంది, అచ్చం తన ఒళ్ళో ఉన్నదే. ఆ అబ్బాయి పని మొదలుపెట్టాడు. పని అంటే ఫోటోలు తీయడం అనుకునేరు! ఫంక్షన్‌నే నడిపించడం. "ఆంటీ, హారతి మళ్ళీ ఇవ్వండి, పొగ పట్టలేదు." "అంకుల్, నవ్వుతూ ఇంకోసారి ఎక్కి రండి." పంతులుగారు మంత్రం మధ్యలో ఆపి అతని వైపు చూస్తున్నారు. ముత్తైదువలు అక్షింతలు గుప్పిట్లో పట్టుకుని, వేయమంటే వేస్తున్నారు, ఆగమంటే ఆగుతున్నారు. దీవెనకి రిహార్సలేమిటండీ? కనకలతకి పళ్ళు పటపటలాడాయి. ఇన్నేళ్ళలో ఆమె ఒక్క ముసలమ్మని కూడా రెండోసారి మెట్లెక్కించలేదు.

ముందు వరసలోనే కూర్చుని ఆమె ఒకటీ అరా తీసింది. తీసి కెమెరా వెనక తెర మీద చూసుకుంది. అబ్బా! ఆ చీకట్లో, ఆ ఊదారంగు దరిద్రంలో, వర్షిత కంటి కాటుక గీత గీతగా తెలుస్తోంది. వెనక వరసలో నవ్వే ముసలాయన పళ్ళు కూడా లెక్కపెట్టచ్చు. ఆమెకి ముందు సంతోషం వచ్చింది. వెంటనే ఏడుపొచ్చింది. అంటే దీపావళి నాడు వణికింది తన చెయ్యి కాదన్నమాట. ఇన్నేళ్ళూ చీకటి హాళ్ళలో తీసి, మసకంతా తన నెత్తిన వేసుకుని, రాత్రులు కూర్చుని ఆ ఫోటోలు బాగుచేసింది! ఎవరన్నా నోరు తెరిచి లైట్లు వేద్దామన్నారా?

ఇంతలో ఓణీ ఇచ్చే ఘట్టం వచ్చింది. ఓణీ మేనమామ తేవాలి. సరోజిని అన్నయ్య హనుమత్ప్రసాద్‌కి నెల క్రితమే వెన్ను ఆపరేషన్ అయింది, బాపట్లలో మంచం మీదున్నాడు, విమానం ఎక్కే మాటే లేదు. అందుకని తల్లి ఒక్కతే వచ్చింది. కొడుకు కొన్న లంగా ఓణీ విమానంలో ఒళ్ళోనే పెట్టుకుని తెచ్చింది. ఇప్పుడు ఆ లంగా ఓణీ పెట్టిన పళ్ళెం మీద ఫోన్ నిలబెట్టి పట్టుకుని స్టేజీ ఎక్కుతోంది పెద్దావిడ. వీడియోలో ప్రసాద్, కొత్త చొక్కా వేసుకుని, దిండ్లకి ఆనుకుని, మేనకోడలు ఎక్కడుందా అని వెతుక్కుంటున్నాడు.

"అమ్మమ్మగారూ, ఆ ఫోన్ తీసేయండి. ఫ్రేమ్ పాడవుతోంది," అన్నాడు తేజేశ్వర్. "పళ్ళెం ఒక్కటే పట్టుకుని మళ్ళీ కింద నుంచి రండి."

పెద్దావిడకి అర్థం కాలేదు. "మామయ్య చూస్తున్నాడు బాబూ," అంది.

"తర్వాత మాట్లాడిద్దాంలెండి అత్తయ్యగారూ," అంటూ హేమచంద్ ఆ ఫోన్ తీసి స్టేజీ అంచున బోర్లా పెట్టాడు. అంతే. అన్నయ్య మొహం నేలకి తిరిగిపోయింది. సరోజిని చూసింది, చూసి మొహం పక్కకి తిప్పుకుంది. పెద్దావిడ మోకాలు పట్టుకుని మళ్ళీ కిందకి దిగి, పళ్ళెం ఒక్కటే పట్టుకుని ఎక్కి వచ్చింది. తేజేశ్వర్ తృప్తిగా తీసుకున్నాడు.

ఎంత మాట! మేనమామని ఫ్రేమ్‌లోంచి తీసేశారు! కనకలత కుర్చీలోంచి లేచిపోయింది. ఏం చేద్దామని లేచిందో ఆమెకే తెలియదు, కొట్టడానికైనా కావచ్చు. సరిగ్గా అప్పుడే తేజేశ్వర్ తన కెమెరా తెర చూసుకుంటూ, పొగ యంత్రం వాడిని కేకేస్తూ అటు తిరిగాడు. స్టేజీ పక్కన చీకట్లో పెద్దావిడ వంగి ఫోన్ తీసింది. వర్షిత ఆ సింహాసనం దిగి, వడ్డాణం ఒక చేత్తో పట్టుకుని, అమ్మమ్మ దగ్గరికి నడిచొచ్చి మోకాళ్ళ మీద కూర్చుంది. "డోంట్ మూవ్ ఇట్ అమ్మమ్మా, హీ కాంట్ సీ మీ," అని ఫోన్ ముందు తల వంచింది.

కనకలత కెమెరా ఎత్తింది. మణికట్టు భగ్గుమంది. అరగంట నుంచి ఆ బరువు మోస్తున్న చెయ్యి ఇక నిలవనంటోంది. "ఏవండీ!" అంది. భరద్వాజ్ ఒక్క ప్రశ్న అడగలేదు. అతను ఆమె ఎదుటికొచ్చి వంగి, "నా భుజం మీద పెట్టుకో," అన్నాడు. కిలో బరువు గురించి ఉపన్యాసం ఇచ్చినవాడే, కదలకుండా ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు.

బాపట్లలో ప్రసాద్ గుప్పెడు అక్షింతలు తీసి తన ఫోన్ మీదే వేశాడు. సరిగ్గా ఆ క్షణానికి ఇక్కడ అమ్మమ్మ ఆ పిల్ల తల మీద అక్షింతలు వదిలింది. ఫోన్ వెలుతురు తప్ప ఇంకో వెలుతురు లేదు. తెర మీద మేనమామ తడి కళ్ళు, ముసలావిడ వేళ్ళు, గాలిలో ఆగిన బియ్యపు గింజలు, కింద కళ్ళు మూసుకున్న వర్షిత. కనకలత నొక్కింది. పడింది.

భోజనాల దగ్గర వర్షిత ఆమె చెయ్యి పట్టుకుని తల్లి దగ్గరికి లాక్కెళ్ళింది. "మమ్మీ, లుక్!" అని కెమెరా తెర చూపించింది. సరోజిని చూసింది. పెరుగన్నం చేత్తో పట్టుకుని చూస్తూనే ఉండిపోయింది. కళ్ళు కారిపోతున్నాయి, తుడుచుకోడానికి చెయ్యి ఖాళీ లేదు. హేమచంద్ కూడా భుజం మీంచి వంగి చూశాడు, చూసి, "చూశావా చెల్లెమ్మా! నేను చెప్పలేదూ? అంతా లెన్స్‌లోనే ఉంటుంది!" అన్నాడు.

కనకలతకి అరికాలి మంట నెత్తికెక్కింది. దీపావళి నాడు పోగేసుకున్న మాటలన్నీ ఒక్కసారి నోటికొచ్చాయి. కానీ ఆమె అరవలేదు. రెండు బల్లల అవతల బిర్యానీ తింటున్న తేజేశ్వర్ వైపు చూపించింది.

"లెన్స్ మంచిదే అన్నయ్యగారూ. కాదనను. ఆ అబ్బాయి మెడలో ఉన్నదీ ఇదే. వెళ్ళి అడగండి, ప్రసాద్ అన్నయ్య అక్షింతలు వేసిన ఫోటో అతని దగ్గరుందేమో."

హేమచంద్ అటు చూశాడు, ఇటు చూశాడు. అడగడానికి వెళ్ళలేదు. ఆ ఫోన్ బోర్లా పెట్టింది తన చెయ్యేనని అప్పుడు గుర్తొచ్చినట్టుంది, ఆ చెయ్యి జేబులో పెట్టుకున్నాడు. సరోజిని మాత్రం తల ఎత్తలేదు.

అద్దె వారం అయ్యాక భార్యాభర్తలు మళ్ళీ దుకాణానికి వెళ్ళారు. ఉక్రోషం లేదిప్పుడు, లెక్క తేలిపోయింది. మసక తన చేతిది కాదు, చూపు గాజుది కాదు. లెన్స్ లేకపోతే ఆ చీకట్లో ఆ ఫోటో రాదు. తను లేకపోతే లెన్స్ ఉన్నా రాదు. "కొంటాను," అంది. కుర్రాడు డబ్బా కట్టి, అలవాటు ప్రకారం భరద్వాజ్ వైపే చాచాడు. భరద్వాజ్ రెండు చేతులూ కోటు జేబుల్లో దోపుకుని కప్పు వైపు చూస్తూ నిలబడ్డాడు. డబ్బా కాసేపు గాలిలో ఊగి, చేరాల్సిన చేతికి చేరింది.

ఆ రాత్రి సరోజిని ఫోన్ చేసింది. "అమ్మ వెళ్ళేలోపు సత్యనారాయణ వ్రతం చేసుకుంటున్నాం కనకా, ఆదివారం. కెమెరా మర్చిపోకు. ఆ పెద్దదే తీసుకురా."

ఒక్క ముక్క బొట్టు మాట లేదు! మళ్ళీ మొదటికే వచ్చింది!

"సరోజా," అంది కనకలత. "కెమెరా వద్దన్నప్పుడు గుమ్మం దాకా వచ్చి బొట్టు పెట్టావు. కెమెరా కావాలంటే ఫోన్లోనా? నేను రాను. రావాలంటే ఇంటికొచ్చి పిలువు. హాల్లో లైట్లు వేయించు. మీ అన్నయ్య కనబడేలా ఫోన్ పీట మీద పెట్టించు. అందరితో పాటు నాకూ విస్తరి వేయించు. అప్పుడు తెస్తాను."

అవతల సరోజిని ఫోన్ పెట్టేసింది. భరద్వాజ్, "మరీ అంతలా అన్నావేంటి?" అన్నాడు. కనకలత గిన్నెలు తోమింది, అవసరమైన దానికన్నా గట్టిగా.

మర్నాడు సాయంత్రం బెల్లు మోగింది. జోరున వాన. అదే రెయిన్ కోటు, అదే భరిణె. సరోజిని మొహం ఎర్రగా కందిపోయి ఉంది. లోపలికి వచ్చి, చెప్పులు విడిచి, సోఫా పక్కన బల్ల మీద ఉన్న కొత్త లెన్స్ చూసింది. ఏం మాట్లాడాలో తెలియనప్పుడు మనిషి ఏదో ఒకటి చేస్తుంది కదా. భరిణె మూత తీసి, వేలికి కుంకుమ అద్దుకుని, "కొత్త వస్తువు కదా, ముందు దీనికి," అంటూ లెన్స్ వైపు వంగింది.

కనకలత అడ్డంగా వచ్చి నిలబడి ఆ చెయ్యి పట్టుకుంది.

"ముందు నాకు," అంది.